నింద మోసిన వ్యాపారి, తేలని దొంగతనం: ప్రామిస్ సాఫ్ట్‌వేర్ వివాదంపై చర్చ

పాలమూరు అధ్యాపకుడు (మహబూబ్‌నగర్):

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ శాస్త్రం బోధిస్తాను. సాఫ్ట్‌వేర్ హక్కుల పాఠం వచ్చినప్పుడల్లా అమెరికాలోని ఇన్‌స్లా వివాదాన్ని ఉదాహరణగా చెబుతుంటాను. ఈసారి ఒక విద్యార్థి, “ఇంతకీ ఆ వ్యాపారి దొంగేనా సార్?” అని సూటిగా అడిగితే, నాకు ఒక్క మాటలో జవాబు దొరకలేదు. అందుకే ఈ చర్చను ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివారి కోసం విషయాన్ని చెబుతాను. విలియం హామిల్టన్ అనే ఆయన 1973లో వాషింగ్టన్‌లో లాభాపేక్ష లేని ఒక సంస్థను స్థాపించి, ప్రాసిక్యూటర్ల కార్యాలయాల్లో కేసుల పురోగతిని నమోదు చేసే ప్రామిస్ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వ నిధులతో తయారుచేశారు. ఏ కేసు ఏ దశలో ఉంది, సాక్షులు ఎవరు, వాయిదా ఎప్పుడు అన్న వివరాలన్నీ ఒకచోట చూపించడమే దాని పని. ప్రభుత్వ నిధులు నిలిచిపోయిన తరువాత, 1981లో ఆయన ఇన్‌స్లా అనే కంపెనీని పెట్టి, సొంత ఖర్చుతో ఆ సాఫ్ట్‌వేర్‌ను మెరుగుపరిచారు. 1982 మార్చిలో అమెరికా న్యాయశాఖ సుమారు కోటి డాలర్ల విలువైన మూడేళ్ళ కాంట్రాక్టును ఇన్‌స్లాకు ఇచ్చింది. ఆ తరువాత గొడవలు వచ్చి, న్యాయశాఖ చెల్లింపులను నిలిపివేయగా, 1985 ఫిబ్రవరిలో ఇన్‌స్లా దివాలా రక్షణ కోరవలసి వచ్చింది.

న్యాయశాఖ తమ సాఫ్ట్‌వేర్‌ను కాజేసిందని హామిల్టన్ దంపతులు కోర్టుకెక్కారు. కాలక్రమంలో ఆ ఆరోపణ పెరిగి, ఎర్ల్ బ్రయన్ అనే వ్యాపారి చేతికి ప్రామిస్ నకలు చేరిందనీ, ఆయన దాన్ని విదేశాల గూఢచార సంస్థలకు అమ్ముకున్నాడనీ ప్రచారమైంది. బ్రయన్ మొదట వైద్యుడు. రోనాల్డ్ రీగన్ కాలిఫోర్నియా గవర్నరుగా ఉన్నప్పుడు ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖను నడిపినవాడు. తరువాత వ్యాపారంలోకి దిగి, ఫైనాన్షియల్ న్యూస్ నెట్‌వర్క్ అనే టీవీ చానెల్‌నూ, యూపీఐ వార్తాసంస్థనూ తన ఆధీనంలోకి తెచ్చుకున్నాడు. ఈ ఆరోపణను ఆయన మొదటినుంచీ ఖండించాడు. ఆయన గురించి మనం న్యాయంగా ఏం చెప్పగలం?

సూర్యాపేట ఆడిటర్:

అధ్యాపకులు గారూ, నేను ముప్పై ఏళ్ళుగా లెక్కల పుస్తకాలు తిరగేస్తున్నవాణ్ణి. నిప్పు లేనిదే పొగ రాదని నమ్ముతాను. ఎడ్విన్ మీస్ రీగన్‌కు అత్యంత సన్నిహితుడు, ఆ తరువాత అటార్నీ జనరల్, అంటే ఆ న్యాయశాఖకే అధిపతి, అయినవాడు. ఆయన భార్య 15,000 డాలర్ల అప్పుతో కొన్న షేర్లు ఎర్ల్ బ్రయన్ కంపెనీవే. ఇన్‌స్లాను కొంటామని 1983లో ఫోన్ చేసి ఒత్తిడి తెచ్చిందని హామిల్టన్ చెప్పిన హాడ్రన్ కంపెనీ కూడా బ్రయన్ పెట్టుబడులున్నదే. ఇన్‌స్లాకు రావలసిన డబ్బు ఆగిపోవడం మొదలైంది కూడా ఆ సంవత్సరాల్లోనే.

వీటన్నిటికీ మించి, 1996 అక్టోబరులో ఈ బ్రయన్‌నే ఫెడరల్ కోర్టు బ్యాంకులనూ ఆడిటర్లనూ మోసగించిన కేసులో దోషిగా తేల్చింది. నాలుగేళ్ళ తొమ్మిది నెలల జైలుశిక్ష కూడా పడింది. ఆడిటర్‌కు అబద్ధపు కాగితాలు చూపినవాడు సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం నిజాయితీగా ఉన్నాడంటే నా మనసు ఒప్పుకోదు. దొరికితే దొంగ, దొరకకపోతే దొర అన్న మాట మన తాతలు ఊరికే అనలేదు.

విశ్రాంత ప్రభుత్వ న్యాయవాది (నల్లగొండ):

ఆడిటర్ గారి ఆవేదన నాకు అర్థమైంది. అయితే ఒక కేసులో దోషి అయినవాణ్ణి ఆ కారణంతోనే మరో కేసులోనూ దోషి అనడం కోర్టులో చెల్లదు, బయట కూడా చెల్లకూడదు. 1996 నాటి తీర్పు ఆయన మీడియా కంపెనీల లెక్కల మోసానికి సంబంధించినది. ప్రామిస్ పేరు ఆ కేసులో లేదు. ప్రామిస్ విషయంలో ఆయనపై ఏనాడూ నేరాభియోగం నమోదు కాలేదు. షేర్ల సంగతిని 1984లో మీస్‌పై జరిగిన ప్రత్యేక విచారణలోనే పరిశీలించి, ప్రాసిక్యూషన్‌కు ఆధారం లేదని తేల్చారు. ఫోన్ సంభాషణను అవతలివారు అంగీకరించలేదు.

నా దృష్టిలో ఈ వివాదంలో మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఆ మూడింటినీ ఒకే మూటగా కట్టడంవల్లనే ఇంత అయోమయం పుట్టింది. న్యాయశాఖ ఇన్‌స్లాతో చేసుకున్న కాంట్రాక్టును నిజాయితీగా పాటించిందా అన్నది ఒకటి. హక్కు లేకుండా మెరుగైన ప్రామిస్‌ను తన ఇతర కార్యాలయాల్లో వాడిందా అన్నది మరొకటి. ఆ సాఫ్ట్‌వేర్ న్యాయశాఖ గడప దాటి బ్రయన్ చేతికీ, అక్కడినుంచి విదేశాలకూ వెళ్ళిందా అన్నది వీటితో సంబంధమే లేని మూడో ప్రశ్న. మొదటి రెండింటికీ కాగితాలున్నాయి, ప్రమాణం చేసి చెప్పిన సాక్షులున్నారు. మూడోదానికి ఉన్నవన్నీ నోటిమాటలే.

దివాలా కోర్టు న్యాయమూర్తి జార్జ్ బేసన్ 1987లో మొదటి రెండు ప్రశ్నలపైనే తీర్పు చెప్పారు. న్యాయశాఖ కుయుక్తితో, మోసంతో, వంచనతో మెరుగైన ప్రామిస్‌ను తీసుకున్నదని ఆయన రాశారు. సుమారు 68 లక్షల డాలర్లు చెల్లించాలన్నారు. 1989లో జిల్లా కోర్టు న్యాయమూర్తి విలియం బ్రయంట్ దాన్ని సమర్థించారు. 1991 మేలో అప్పీలు కోర్టు మాత్రం, ఇటువంటి తగాదాను తేల్చే అధికారం దివాలా కోర్టుకు లేదంటూ ఆ తీర్పును కొట్టివేసింది. కొట్టివేసిన కారణం పరిధి. దొంగతనం జరగలేదని ఆ కోర్టు చెప్పలేదు, జరిగిందనీ చెప్పలేదు. నేను నలభై ఏళ్ళు కోర్టుల్లో గడిపాను. కక్షిదారుకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇటువంటి తీర్పేనని చెప్పగలను.

మిర్యాలగూడ ప్రోగ్రామర్:

వకీలు సార్‌కు నమస్కారం. మీరు చెప్పిన రెండో ప్రశ్న నా కడుపులోని బాధ. అందుకే కొంచెం వివరంగా రాస్తాను, పెద్దలు మన్నించాలి.

నేను పదకొండేళ్ళుగా మిల్లులకూ కాటాలకూ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ధాన్యం లారీ కాటా మీదికి రాగానే తూకం నమోదై, తేమ శాతం, గోనె సంచుల లెక్క, ఏ మిల్లుకు ఎన్ని లోడ్లు పోయాయన్న వివరం ఒక్క తెర మీద కనబడేటట్టు చేస్తాను. కొన్నేళ్ళ కింద ఒక ప్రభుత్వ కార్యాలయం నన్ను పిలిపించి, తమ ఒక్క కంప్యూటరులో ఈ ప్రోగ్రామ్‌ను పెట్టించుకున్నది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. పనుల ఆర్డరులో “ఒక కంప్యూటరు” అనే ఉంది. ఆ సీజను బాగా నడిచింది. మరుసటి ఏడాది నాకు పరిచయం లేని ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్ ఫోన్ చేసి, “అన్నా, మీ ప్రోగ్రామ్‌లో పాస్‌వర్డ్ పడతలేదు, ఇక్కడ లారీలు నిలబడ్డయి” అన్నాడు. అతను కూర్చున్న కార్యాలయంలో నేను ఎన్నడూ అడుగు పెట్టలేదు. విచారిస్తే, నా ప్రోగ్రామ్ నాలుగు చోట్ల నడుస్తున్నదని తేలింది. లారీలు ఆగితే రైతు ఆగిపోతాడని ఆ రోజు పాస్‌వర్డ్ సరిచేసి ఇచ్చాను. మిగతా మూడు చోట్ల డబ్బు ఇంతవరకూ రాలేదు.

ఈ అనుభవంతో ఇన్‌స్లా కాగితాలు చదివితే, అందరూ మాట్లాడుకునే గూఢచారుల కథకంటే, 1983 ఏప్రిల్‌లో ఆ కాంట్రాక్టుకు చేసిన పన్నెండో సవరణ నన్ను ఎక్కువగా ఆపేసింది. ఇన్‌స్లా ఆర్థికంగా కుప్పకూలితే తమ పని ఆగిపోతుందని న్యాయశాఖ చెప్పి, మెరుగైన ప్రామిస్ నకలు తమకు అప్పగించమని అడిగింది. ఏ భాగం ప్రభుత్వ నిధులతో తయారైంది, ఏ భాగం తమ సొంత ఖర్చుతో తయారైంది అన్న సంగతి తేలేవరకూ కాంట్రాక్టులో చెప్పిన కార్యాలయాలు దాటి దాన్ని పంచకూడదన్న షరతు మీద ఇన్‌స్లా ఒప్పుకుని, సోర్సు కోడును, అంటే ప్రోగ్రామ్ అసలు రాతను, చేతిలో పెట్టింది. తరువాత, సొంత ఖర్చుకు రుజువు చాలలేదని న్యాయశాఖ అన్నది. రుజువు ఎలా చూపాలో చెప్పమంటే తమకే తెలియడం లేదని ఇన్‌స్లా అన్నది. ఈలోగా సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క కార్యాలయంలోకి చేరుతూనే ఉంది, డబ్బు మాత్రం ఆగుతూ 17 లక్షల డాలర్లు దాటింది. కోడు ఒకసారి చేయి దాటినాక షరతు కాగితం మీదనే ఉంటుంది. నా దగ్గర ఆ షరతు కాగితం కూడా లేదు.

సూర్యాపేట ఆడిటర్:

తమ్ముడూ, నీ అనుభవం చదివి బాధ కలిగింది. న్యాయవాది గారి విభజనను నేను కాదనడం లేదు. కాని ఒక విషయాన్ని వారు వదిలేశారు. న్యాయశాఖకు వ్యతిరేకంగా తీర్పు చెప్పిన బేసన్‌ను, పదవీకాలం ముగియగానే తిరిగి నియమించలేదు. ఆ స్థానంలోకి వచ్చినది, అదే కేసులో న్యాయశాఖ పక్షాన పనిచేసిన న్యాయవాది. అలాగే, ఆ కాంట్రాక్టును పర్యవేక్షించడానికి న్యాయశాఖ నియమించిన అధికారి బ్రూవర్, ఒకప్పుడు హామిల్టన్ సంస్థలోనే పనిచేసి, వెళ్ళిపొమ్మనిపించుకున్న మనిషి. ఆయన మనసులో కక్ష ఉందని బేసన్ తీర్పులోనే ఉంది.

జాక్ బ్రూక్స్ అధ్యక్షతన ప్రతినిధుల సభ న్యాయ సంఘం 1992 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక కూడా న్యాయశాఖను తీవ్రంగా తప్పుపట్టింది. పత్రాలు కనబడకుండా పోయాయనీ, సహకారం అందలేదనీ చెప్పి, స్వతంత్ర ప్రాసిక్యూటర్ చేత విచారణ జరిపించాలని కోరింది. ఇన్ని ఉన్నప్పుడు అనుమానించడం తప్పెలా అవుతుంది?

విశ్రాంత ప్రభుత్వ న్యాయవాది (నల్లగొండ):

అనుమానించడం తప్పు కాదండీ. బేసన్ స్థానంలో ఆ న్యాయవాదిని నియమించడం చట్టప్రకారం చెల్లినా, చూసేవారికి న్యాయం జరిగినట్టు కనబడదు. అది న్యాయశాఖ తన మీదికి తానే తెచ్చుకున్న మచ్చ. బ్రూవర్ నియామకం కూడా అంతే. పాత గొడవ ఉన్న మనిషిని ఆ కంపెనీ బిల్లులు పాస్ చేసే కుర్చీలో కూర్చోబెట్టడం మన తాలూకా ఆఫీసులో జరిగినా మనం నిలదీస్తాం. అయితే బ్రూవర్ కక్ష నుంచి ఎర్ల్ బ్రయన్ జేబు దాకా దారి ఎవరు చూపించారు? నివేదిక కూడా ఆ ఆరోపణలను విచారణ అవసరమైనవిగానే పేర్కొంది, రుజువైనవిగా కాదు.

వనపర్తి విద్యార్థిని:

పెద్దలకు నమస్కారం. నేను ఎంసీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్నెట్‌లో చూసిన వీడియోల్లో రెండు విషయాలు పదేపదే చెబుతున్నారు. బ్రయన్ అమ్మిన ప్రామిస్‌లో ఒక రహస్య ద్వారం పెట్టారనీ, కొన్న దేశాల రహస్యాలన్నీ దానిద్వారా అమెరికాకు చేరాయనీ ఒకటి. దీనిపై రాస్తున్న డానీ కసోలారో అనే పాత్రికేయుణ్ణి చంపేశారన్నది రెండోది. అప్పట్లో ఇంటర్నెట్ ప్రజలకు అందుబాటులో లేదు కదా, ఆ రహస్య ద్వారం ఎలా పనిచేస్తుంది? కసోలారో విషయంలో నిజమేమిటి?

మిర్యాలగూడ ప్రోగ్రామర్:

అమ్మా, మొదటిదానికి నాకు తెలిసినంత చెబుతాను. ప్రోగ్రామ్‌లో దొడ్డిదారి పెట్టడం కష్టమేమీ కాదు. రాసినవాడికి మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్ ఒకటి పెడితే చాలు, 1980లలోనూ అది సాధ్యమే. కాని దారి ఉంటే సరిపోదు, ఆ దారిలో నడిచి రావడానికి తీగ కావాలి. కంప్యూటరుకు టెలిఫోన్ లైను ద్వారా మోడెమ్ తగిలించి ఉంటేనే బయటివాడు లోపలికి రాగలడు. గూఢచార సంస్థ తన రహస్యాలున్న కంప్యూటరుకు బయటి లైను ఇచ్చిందని ఎవరైనా చూపించాలి. లేదంటే నిర్వహణ పేరుతో లోపలికి వెళ్ళే మనిషి టేపు మీద కాపీ చేసుకుని రావాలి. అసాధ్యమని నేను అనను. కాని ఆ కోడు ఇదీ, ఆ ద్వారం ఇక్కడ ఉందీ అని పరీక్షకు పెట్టి చూపినవారు లేరు. ఎఫ్‌బీఐ వాడుతున్న ఒక వ్యవస్థ ప్రామిస్ నకలేనన్న ఆరోపణ వచ్చినప్పుడు, నిపుణుల చేత రెండింటినీ పోల్చి చూపించి, కాదని పరిశోధకులు తేల్చారు. సాఫ్ట్‌వేర్ దొంగతనాన్ని తేల్చే పద్ధతి అదే. పక్కపక్కన రెండు కోడులు పెట్టి, ఒకే తప్పు రెండింటిలోనూ ఉందా అని వెతకాలి. నేను నా ప్రోగ్రామ్‌ను ఆ మూడు కార్యాలయాల్లో గుర్తుపట్టింది కూడా అలాగే. “తేమ” అన్న పదాన్ని ఒకచోట నేను “తెమ” అని తప్పుగా కొట్టాను. నాలుగు తెరల మీదా ఆ తప్పు ఉంది.

పాలమూరు అధ్యాపకుడు (మహబూబ్‌నగర్):

రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. కసోలారో 1991 ఆగస్టు 10న వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్ పట్టణంలో ఒక హోటలు గదిలో మణికట్లు తెగి చనిపోయి కనిపించారు. ఒక సమాచారదారుణ్ణి కలవడానికి వెళుతున్నానని సన్నిహితులతో చెప్పి వెళ్ళారు. అధికారులు ఆత్మహత్యగా నిర్ధారించారు. కుటుంబసభ్యులు నమ్మలేదు. వారికి తెలియజేయకముందే శవానికి రసాయనాలు ఎక్కించి భద్రపరచడం కూడా అనుమానాలకు తావిచ్చింది. తరువాతి సమీక్షలు కూడా ఆత్మహత్య అన్న నిర్ధారణనే సమర్థించాయి. ఒక మనిషి చావు గురించి మాట్లాడుతున్నప్పుడు ఇంతకుమించి ముందుకు వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

బ్రయన్‌పై ఆరోపణకు మూలాధారం ఎవరో కూడా తెలుసుకోవాలి. మైఖేల్ రికనొషూటో అనే వ్యక్తి 1991 మార్చిలో ఒక ప్రమాణపత్రం దాఖలు చేసి, కాలిఫోర్నియాలోని కబజాన్ ఆదివాసీ భూభాగంలో తానే ప్రామిస్‌ను మార్చాననీ, దాన్ని బ్రయన్ తెచ్చాడనీ చెప్పాడు. దాఖలు చేసిన కొద్దిరోజులకే మాదకద్రవ్యాల కేసులో అరెస్టయి, తరువాత శిక్ష అనుభవించాడు. అతణ్ణి ఇరికించారని అతని వాదన. దివాలా కోర్టుకు వెళ్ళేనాటికి ఇన్‌స్లా ఫిర్యాదులో ఈ కథ లేదు, ఆ తరువాతనే వచ్చి చేరింది.

ఇంకొక సంగతి నా విద్యార్థులకు తప్పక చెబుతాను. కెనడా ప్రభుత్వం ప్రామిస్ వాడుతున్నదన్న వార్త పెద్ద దుమారం లేపింది. విచారిస్తే, అక్కడివారు వాడినది అదే పేరుగల మరొక కంపెనీ సాఫ్ట్‌వేర్ అని తేలింది. మన జిల్లాల్లో ఒకే పేరున్న రెండు ఊళ్ళకు ఉత్తరాలు తారుమారైనట్టే ఇది కూడా జరిగింది.

ఇక్కత్ ఇంటివారు (పోచంపల్లి):

మాది మూడు తరాల నేత కుటుంబం. కంప్యూటరు గురించి నాకు పెద్దగా తెలియదు. కాని ప్రోగ్రామర్ తమ్ముడు చెప్పిన ఒక మాట దగ్గర ఆగాను. ఏది ప్రభుత్వ డబ్బుతో తయారైంది, ఏది సొంత డబ్బుతో తయారైంది అన్న ఆ గొడవ మా మగ్గాల మీద రోజూ ఉన్నదే.

పుట్టపాక తేలియా రుమాలు అందరిదీ. ఆ గళ్ళూ, ఆ నూనె నూలూ ఏ ఒక్కరి సొత్తూ కాదు. కాని ఆ గళ్ళ మధ్యలో మా నాయన గ్రాఫ్ కాగితం మీద ఒక కొత్త పువ్వు గీసి, దానికి లెక్క కట్టి, ఆసు పోసి, చిటికి కట్టి, రంగు అద్ది, రెండు నెలలు కూర్చుని చీరగా దించితే, ఆ పువ్వు మాది కాదా? అది మార్కెట్లోకి పోయిన నెలకే ప్రింటు చీర మీద అచ్చు గుద్దుకుని వస్తుంది, ధర మా చీరలో పదో వంతు. పట్టుకుని అడిగితే, “ఇది తేలియా రుమాలే కదా, మీ తాతలదీ కాదు, మీదీ కాదు” అంటారు. పాతదాని పేరు చెప్పి కొత్తదాన్ని కలుపుకుని పోతారు.

హామిల్టన్ గారికి జరిగినది నాకు అలాగే కనిపిస్తున్నది. పాత ప్రామిస్ ప్రజలది, అందులో పేచీ లేదు. దాని మీద ఆయన వేసిన పువ్వుకు విలువ కట్టలేదు. ఆ పువ్వు ఎక్కడ మొదలైందో రాసిపెట్టుకోకపోవడం ఆయన లోపమే అయినా, కష్టం మాత్రం అబద్ధం కాదు.

విశ్రాంత ప్రభుత్వ న్యాయవాది (నల్లగొండ):

మీ పువ్వు ఉదాహరణను నేను కోర్టులో వాడుకుని ఉండవలసింది. మన చట్టం ఏమంటుందో ఇప్పుడు చెబుతాను, ప్రోగ్రామర్ గారికి పనికివస్తుంది.

1957 నాటి కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనతో సమానంగా చూస్తారు. రాసినవారికే హక్కు. అయితే 17వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ ఆదేశం మీద లేదా అదుపులో తయారైన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, ప్రభుత్వమే మొదటి యజమాని. కనుక ఆ ప్రోగ్రామ్‌ను ఆ కార్యాలయం రాయించుకున్నదా, లేక అప్పటికే మీరు మిల్లుల కోసం రాసుకున్నదాన్ని అక్కడ పెట్టారా అన్నదే మీ కేసుకు ప్రాణం. రెండోదే అయితే ఆ సెక్షన్ మీకు అడ్డురాదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలని 19వ సెక్షన్ చెబుతుంది. హక్కు దారుడు నివసించే లేదా వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులోనే దావా వేసే వీలును 62వ సెక్షన్ కల్పిస్తుంది. కాబట్టి మీరు హైదరాబాదు దాకా తిరగనవసరం లేదు. అయితే ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, రెండు నెలలు ఆగాలి. కాలపరిమితి మూడేళ్ళు, దాన్ని మరవద్దు.

అక్రమ నకలు అని తెలిసి కంప్యూటరులో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని 63బి సెక్షన్‌లో ఉంది. దాన్ని ముందుకు తీసుకురావద్దని నా సలహా. ఆ కుర్చీలో ఉన్న ఆపరేటర్‌కు అది అక్రమ నకలని తెలుసా? జీతం కోసం పనిచేసే పిల్లవాణ్ణి ముద్దాయిని చేస్తే, కాపీ చేయమన్నవాడు పక్కకు తప్పుకుంటాడు.

విశ్రాంత ఉద్యోగి (దేవరకొండ):

వకీలు గారి చివరి మాటకు కృతజ్ఞతలు. నేను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయాల్లో సీనియర్ అసిస్టెంటుగానూ సూపరింటెండెంటుగానూ పనిచేశాను. మా వైపు సంగతి కూడా నమోదు కావాలి.

కార్యాలయంలో కాపీ ఎలా జరుగుతుందో చెబుతాను. పై అధికారి సమావేశంలో, “ఫలానా చోట బాగుంది, మీరూ పెట్టుకోండి” అంటారు. బడ్జెట్ ఉండదు. సాయంత్రానికి ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెస్తారు. మరునాటి నుంచి పని నడుస్తుంది. ఇందులో ఎవరికీ దొంగతనం చేస్తున్నామన్న ఆలోచన ఉండదు. ప్రభుత్వం ఒకసారి కొన్నది ప్రభుత్వమంతటిదీ అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తరువాత తయారుచేసినవాడు బిల్లుతో వస్తే, అనుమతి లేని ఖర్చుకు సంతకం పెట్టడానికి ఎవరూ సాహసించరు, ఆడిట్ అభ్యంతరం వస్తే పింఛను ఆగుతుంది. అందుకని ఫైలు మీద “చర్చించండి” అని రాసి కిందికి పంపుతారు. కిందివాడు “పరిశీలనలో ఉంది” అని రాస్తాడు. అలా ఏళ్ళు గడుస్తాయి. ఇది నేను సమర్థించడం లేదు, ఇందులో నా సంతకాలూ ఉన్నాయి.

అమెరికా న్యాయశాఖ గురించి చదివితే నాకు కుట్రకంటే ఇదే ఎక్కువగా కనబడింది. బేసన్ తీర్పును నేను కాదనను, కక్ష కూడా ఉండి ఉండవచ్చు. కాని ఒక పాత కక్ష, ఒక బెదిరిన ఖాతాల విభాగం, తప్పు ఒప్పుకుంటే డబ్బు కట్టాలన్న భయం, ఈ మూడూ కలిస్తే కంపెనీని ముంచడానికి చాలు, దానికి వ్యాపారి అవసరం లేదు.

సూర్యాపేట ఆడిటర్:

దేవరకొండ అన్నగారి మాట నన్ను ఆలోచింపజేసింది. నిన్న రాత్రి మళ్ళీ కూర్చుని, తరువాతి విచారణల సారాంశాలు చదివాను. న్యాయశాఖ నియమించిన ప్రత్యేక న్యాయవాది, మాజీ న్యాయమూర్తి నికొలస్ బువా 1993లో ఇచ్చిన నివేదికలో బ్రయన్‌కు ఈ వ్యవహారంతో సంబంధం ఉందనడానికి నమ్మదగిన ఆధారం లేదన్నారు. జానెట్ రీనో అటార్నీ జనరల్‌గా ఉండగా 1994లో జరిగిన సమీక్ష కూడా అదే మాట చెప్పింది. ఈ రెండూ న్యాయశాఖ తన మీద తాను జరిపించుకున్న విచారణలే కనుక నేను వాటిని పూర్తిగా నమ్మను. అయితే సెనేట్ ఈ కేసును, ప్రభుత్వం మీద డబ్బు దావాలు వినే ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టుకు పంపగా, న్యాయమూర్తి క్రిస్టీన్ మిల్లర్ సాక్షులను విచారించి, 1997లో ఇన్‌స్లాకు వ్యతిరేకంగా నిర్ణయించారు. 1998లో సమీక్షా మండలి దాన్ని సమర్థించింది. అది న్యాయశాఖ గది కాదు.

బేసన్, బ్రయంట్ ఒకవైపు, మిల్లర్ మరొకవైపు ఉన్నప్పుడు, ఇన్‌స్లాకు అన్యాయం జరిగిందా లేదా అన్నదానిపై చదువుకున్నవారు ఇప్పటికీ రెండు రకాలుగా వాదించవచ్చు. నా వరకూ హామిల్టన్ దంపతులకు బాకీ ఉందనే నమ్ముతున్నాను. బ్రయన్ విషయంలో నేను మొదట రాసిన వాక్యాన్ని మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. లెక్కల మోసంలో ఆయన దోషి. ప్రామిస్ విషయంలో నిందితుడు కూడా కాదు, ఆరోపణ ఎదుర్కొన్న మనిషి మాత్రమే. గడ్డి తడిసి ఉంటే మంటకంటే పొగే ఎక్కువ వస్తుందని పల్లెలో పుట్టిన నేను మరవకుండా ఉండవలసింది.

వనపర్తి విద్యార్థిని:

ధన్యవాదాలు సార్. మా సెమినారుకు ఈ అంశాన్నే తీసుకుంటున్నాను. గూఢచారుల భాగాన్ని ఒక్క పేరాకు తగ్గించి, పన్నెండో సవరణ మీద ఎక్కువ రాస్తాను.

పాలమూరు అధ్యాపకుడు (మహబూబ్‌నగర్):

మంచి నిర్ణయమమ్మా. నా విద్యార్థికి రేపు చెప్పవలసిన జవాబు కూడా నాకు దొరికింది. “దొంగ అనడానికి రుజువు లేదు, ఎవరి సొమ్ము పోయిందన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది” అని చెబుతాను.

మిర్యాలగూడ ప్రోగ్రామర్:

వకీలు సార్, ఆ ప్రోగ్రామ్‌ను నేను మొదట ఒక మిల్లుకు రాసినప్పటి కోడు పాత కంప్యూటరులో తేదీలతో సహా ఉంది. ఆ మిల్లు యజమాని ఇచ్చిన రసీదు కూడా దొరికింది. అది కార్యాలయం ఆర్డరుకంటే రెండేళ్ళ ముందుది. నాకు ఫోన్ వచ్చి వచ్చే శ్రావణానికి మూడేళ్ళు నిండుతాయి.

విశ్రాంత ప్రభుత్వ న్యాయవాది (నల్లగొండ):

అయితే సమయం తక్కువగా ఉంది. ఆ కంప్యూటరును ఇక తెరవకండి, తేదీలు మారిపోతాయి. రసీదు, పనుల ఆర్డరు, “తెమ” అని కనబడే నాలుగు తెరల ఫొటోలు తీసుకుని సోమవారం ఉదయం గడియారం స్తంభం దగ్గరున్న మా ఇంటికి రండి. నోటీసు అక్కడే కూర్చుని రాద్దాం. ఫీజు మాట ఎత్తవద్దు.